మాది థర్డ్ లాంగ్వేజి

పోయిన జూన్‌లో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి నా దగ్గరికి ఒక పుస్తకం పట్టుకొచ్చింది. లావు పుస్తకం, రంగుల అట్ట, మా బడి పుస్తకాలకు ఎన్నడూ ఉండని నున్నటి కాగితం. వాళ్ళమ్మ కొండాపూర్‌లో నాలుగు ఫ్లాట్లల్ల పని చేస్తది. ఒక ఫ్లాటులో పెద్దపిల్లగాడి పదో తరగతి అయిపోయింది. పుస్తకాలు పాత పేపర్లవాడికి వెయ్యబోతుంటే, "మా బిడ్డ సదువుకుంటదమ్మా" అని అడిగి తెచ్చిందట. అట్ట మీద 'ఫస్ట్ లాంగ్వేజ్ ఇంగ్లీష్' అని ఉంది.

"మేడం, వాళ్ళకు ఇంగ్లీషు ఫస్ట్ లాంగ్వేజి ఎట్లయితది? వాళ్ళింట్ల తెలుగే మాట్లాడ్తరంట గద. మా అమ్మ చెప్పింది. మనకేమో థర్డ్ లాంగ్వేజి. ఎందుకు మేడం?"

నేను ఎం.ఏ. ఇంగ్లీషు చదివాను. ప్రభుత్వ హైస్కూల్లో ఇంగ్లీషు స్కూల్ అసిస్టెంటుని. ఆ పిల్లకు ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. "అది వేరే బోర్డు బిడ్డా" అన్నాను. ఆ మాట జవాబు కాదని ఆ పిల్లకూ తెలుసు, నాకూ తెలుసు. అసలు జవాబు వెతుక్కుంటూ పోతే నా చదువు, మా నాయిన చెమట, ఈ నగరం చరిత్ర అన్నీ కదిలాయి. అందుకే ఇది రాస్తున్నాను.

మాది పాలమూరు. మా ఊళ్ళో మాదిగవాడ ఊరికి దూరంగా వాగు ఒడ్డున ఉంటుంది. భూమి లేదు, వాన లేదు. 1997లో మా అవ్వ, నాయిన నన్నూ తమ్ముణ్ణీ వెంటబెట్టుకొని మాదాపూర్ వచ్చారు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. ఆనకట్టలు కట్టిన చేతులు, కాలువలు తవ్విన చేతులు. మాదాపూర్‌లో అప్పుడు గుట్టలు, గుండ్లు, సీతాఫలం చెట్లు. ఆ గుండ్లు పగలగొట్టే పని, కాంక్రీటు మోసే పని మావాళ్ళకు దొరికింది. హైటెక్ సిటీలో మొదటి బిల్డింగు సైబర్ టవర్స్. 1998 నవంబర్‌లో ప్రధానమంత్రి వాజ్‌పేయి వచ్చి ప్రారంభించాడు. ఆ రోజు మేస్త్రీ, "ఇయాల్ల ఎవ్వరూ ఇటు రావొద్దు, కనబడొద్దు" అన్నాడు. కట్టినవాళ్ళు కనబడొద్దు! మేం గుడిసె ముందు గుండు మీద కూర్చొని దూరం నుంచి చూశాం.

అప్పుడు నేను నాలుగో తరగతి. మూడులో ఏబీసీడీలు మొదలయినయి. మా నాయినకు ఏ అక్షరమూ రాదు. కొన్నాళ్ళకు బిల్డింగు ముందు నుంచి పోతుంటే బోర్డు చూపించి, "ఏం రాసిండ్రు బిడ్డా?" అని అడిగాడు. నేను ఒక్కో అక్షరం కూడబలుక్కొని "క్యబెర్ టవర్స్" అన్నాను. తన బిడ్డ ఇంగ్లీషు చదివిందని ఆయన అందరికీ చెప్పుకున్నాడు. గుడిసెలన్నిట్లో అది క్యబెర్ టవర్స్ అయిపోయింది.

హైస్కూలుకు పోయాక తెలిసింది, భాషలకు కూడా వరసలుంటాయని. తెలుగు ఫస్ట్ లాంగ్వేజి. హిందీ సెకండ్ లాంగ్వేజి. ఇంగ్లీషు థర్డ్ లాంగ్వేజి. మా రోజుల్లో హిందీకి 20 మార్కులొస్తే పాసు, ఇంగ్లీషుకు 35 రావాలి. వరసలో మూడోదే గానీ, పిల్లల్ని ఆపేది మాత్రం అదే. మా బడిలో ఇంగ్లీషు చెప్పడానికి ఇంగ్లీషు సారే లేడు. సోషల్ చెప్పే సారు వచ్చి ఒక లైను చదివి, దానికి తెలుగు చెప్పి, గైడులో జవాబుల కింద గీతలు గీయించేవాడు. 'మై ఎయిమ్ ఇన్ లైఫ్' అనే వ్యాసం బట్టీ పట్టించాడు. గైడులో డాక్టరు అని ఉంది. క్లాసులో 52 మందిమీ డాక్టర్లమవుతామని రాశాం. నాకు ఏం కావాలని ఉందో ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పడానికి నా దగ్గర ఇంగ్లీషు లేదు.

స్కాలర్‌షిప్ ఫారాలు వచ్చినప్పుడు "ఎస్సీలు లేవండి" అనేవాడు. లేచేవాళ్ళం. ఒకసారి నేను గైడులో లేని ప్రశ్న ఒకటి అడిగితే, "నీకెందుకే అదంతా, ముప్పై అయిదు వస్తే చాలదా?" అన్నాడు. అది తిట్టు కాదు. ఆయన దృష్టిలో అది దయ. మాకు ఎంత అవసరమో ఆయన కొలిచి పెట్టాడు. ఊళ్ళో దొర గింజలు కొలిచి పోసినట్టు.

ఈ కొలత ఆ సారుతో మొదలు కాలేదు. ఈ నగరంలో భాష ఎప్పుడూ మెట్లుమెట్లుగానే ఉంది. నిజాం రాజ్యంలో 1880ల దాకా కచేరీ భాష పర్షియన్, ఆ తర్వాత ఉర్దూ. జనంలో ఎక్కువమందిది తెలుగు. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ పెట్టి ఉర్దూ మీడియం చేశారు. దేశభాషలో పెద్ద చదువు చెప్పిన యూనివర్సిటీ అని దానికి పేరు, అది మంచి పేరే. అయితే ఆ ఉర్దూ మా వాడల భాష కాదు. పైగా ఉస్మానియాలో కూడా ఇంగ్లీషు తప్పనిసరి సబ్జెక్టే. జాగీర్దార్ల కొడుకుల కోసం 1923లో బేగంపేటలో జాగీర్దార్స్ కాలేజీ వెలిసింది. అదే 1951లో హైదరాబాద్ పబ్లిక్ స్కూలయింది. మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ళ ఆ బడిలోనే చదివాడు. ఆయన కంపెనీ క్యాంపస్ మా గచ్చిబౌలిలో ఉంది. ఆయన చదువు మీద నాకు అసూయ లేదు. ఏ బడి ఎవరి కోసం మొదలయిందో చెబుతున్నాను, అంతే.

మరి మనవాళ్ళ కోసం ఎవరు పెట్టారు? మనవాళ్ళే పెట్టుకున్నారు. భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి స్థాపించాడు. 1910 నుంచి హైదరాబాదు దళిత వాడల్లో బడులు తెరిచాడు. అన్నీ తెలుగు బడులు. బువ్వ దొరకని చోట పలక పట్టించిన మనిషి ఆయన. ఆ బడులను తర్వాత నిజాం ప్రభుత్వం తన కిందికి తీసుకుంది. ఒకే నగరంలో ఒక దిక్కు జాగీర్దారు పిల్లలు ఇంగ్లీషు చదువుతుంటే, ఇంకో దిక్కు మన పిల్లలు అ ఆలు దిద్దుకోవడమే విప్లవం.

అంబేద్కర్ కథ మనకు తెలిసిందే. బొంబాయిలో హైస్కూలు చదివే రోజుల్లో సంస్కృతం కావాలంటే ఆయనకు చెప్పలేదు, పర్షియన్ తీసుకోవాల్సి వచ్చింది. ఏ పిల్లవాడు ఏ భాష చదవాలో కులం తేల్చింది. ఆ పిల్లవాడే 1936లో కుల నిర్మూలన ప్రసంగాన్ని ఇంగ్లీషులో రాసి, చదవనివ్వకపోతే సొంత ఖర్చుతో అచ్చు వేయించాడు. ఆయనకు ఇంగ్లీషు ఎన్నో భాష? మరాఠీ ఇంటి భాష. ఇంగ్లీషు ఎన్నోదయితేనేం, న్యాయం అడగడానికి ఆయనకు అది మొదటి భాష.

స్వతంత్రం వచ్చాక 1968 జాతీయ విద్యా విధానం మూడు భాషల సూత్రం చెప్పింది. దాని ఉద్దేశం మంచిదే. ఆచరణలో ఏమయింది? సర్కారు బడిలో తెలుగు, హిందీ, ఆ తర్వాత ఇంగ్లీషు. డబ్బున్నవాడు ఆ సూత్రం నుంచి పక్కకు తప్పుకొని కాన్వెంటుకు పోయాడు. మా బిడ్డలకు మాతృభాష గొప్పదనం గురించి ఉపన్యాసాలిచ్చిన పెద్దలు, తమ బిడ్డల్ని మాత్రం ఇంగ్లీషు మీడియంలో చేర్పించారు. నేను తెలుగును ప్రేమిస్తాను. మా అవ్వ తిట్టినా పాడినా తెలుగే. కానీ తెలుగును మాకు కాపలా పెట్టి, ఇంగ్లీషును వాళ్ళు పంచుకుంటే దాన్ని భాషాభిమానం అనను.

కొన్ని తలుపులు తెరుచుకున్నాయి, కాదనను. 1971లో సర్వేల్‌లో మొదటి గురుకులం వచ్చింది. తర్వాత సాంఘిక సంక్షేమ గురుకులాలు వచ్చాయి. పది తర్వాత నేను అటువంటి గురుకులంలోనే ఇంటర్ చదివాను. ఇప్పుడు ఈ ఐటీ బిల్డింగుల నడుమనే, గౌలిదొడ్డిలో సాంఘిక సంక్షేమ గురుకులం ఉంది. ఐఐటీకి, మెడిసిన్‌కి పిల్లల్ని తయారుచేసే చోటు. అక్కడి పిల్లలు ఇంగ్లీషులో మాట్లాడుతుంటే నా కడుపు నిండుతుంది. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో సక్సెస్ స్కూళ్ళ పేరుతో సర్కారు హైస్కూళ్ళలో ఇంగ్లీషు మీడియం సెక్షన్లు మొదలయినయి. 2022-23లో తెలంగాణ సర్కారు బడులన్నిట్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు ఉన్న పుస్తకాలిచ్చారు. మీడియం ఇంగ్లీషయింది. పదో తరగతి భాషల వరసలో మాత్రం ఇంగ్లీషు ఇప్పటికీ మూడోదే.

ఇక మా బడి చుట్టుపక్కల చూడండి. ఆటోలో పావుగంట తిరిగితే ఎన్ని రకాల ఇంగ్లీషులో! ఇంటర్నేషనల్ స్కూళ్ళలో ఐజీసీఎస్ఈ అని ఉంది. అందులో 'ఫస్ట్ లాంగ్వేజ్ ఇంగ్లీష్' వేరు, 'ఇంగ్లీష్ యాజ్ ఎ సెకండ్ లాంగ్వేజ్' వేరు. ఐబీ స్కూళ్ళలో 'లాంగ్వేజ్ ఏ', 'లాంగ్వేజ్ బి', వాటిలో మళ్ళీ హయ్యర్ లెవెల్, స్టాండర్డ్ లెవెల్. ఐసీఎస్ఈలో లాంగ్వేజికి ఒక పేపరు, లిటరేచరుకు ఇంకో పేపరు. సీబీఎస్ఈలో పదకొండు, పన్నెండు తరగతులకు 'కోర్' ఒకటి, 'ఎలెక్టివ్' ఒకటి. ఎలెక్టివ్‌లో సాహిత్యం ఎక్కువ. మా స్టేట్ సిలబస్‌లో అందరికీ ఒకటే రీడరు. తెలుగు మీడియం పిల్లకైనా, ప్రైవేటు బడిలో ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియం చదివిన పిల్లకైనా అదే పుస్తకం, అదే పరీక్ష.

ఆ పిల్ల తెచ్చిన పుస్తకం నేను ఇంటికి తీసుకుపోయి రాత్రంతా చదివాను. అందులో కష్టమైన మాటలేం లేవు. మా పుస్తకంలో అంతకన్నా కష్టమైన మాటలున్నాయి. మరి తేడా ఎక్కడ? ఆ పుస్తకం పిల్లవాణ్ణి అడుగుతుంది: ఈ రచయిత ఈ మాట ఎందుకు వాడాడు? నువ్వు ఒప్పుకుంటావా? ఒప్పుకోకపోతే ఎదురు ఉత్తరం రాయి. సెకండ్ లాంగ్వేజి కోర్సు కూడా తక్కువదేం కాదు. ఇంట్లో ఇంగ్లీషు లేని పిల్లకు వినడం, మాట్లాడడం నేర్పి, వాటికి పరీక్ష పెడుతుంది. మా కొత్త రీడర్లు కూడా పిల్లతో మాట్లాడించమనే చెబుతాయి, పుస్తకాన్ని తప్పు పట్టను. కానీ తొమ్మిదికి వచ్చి ఒక వాక్యం కూడబలుక్కోలేని పిల్ల ముందు ఆ పుస్తకం పెడితే ఏమయితది? మళ్ళీ గైడే దిక్కు. నేను చదివిన చదువే మళ్ళీ.

అప్పుడు నాకు అర్థమయింది. ఇంగ్లీషుల్లో తేడా మాటల బరువులో లేదు. ఒకటి చెప్పే ఇంగ్లీషు, ఇంకొకటి వినే ఇంగ్లీషు. ఒకడు ఇంగ్లీషులో ఆర్డరు వేస్తాడు. ఇంకొకడు అడ్రసు చదువుకొని ఆ ఆర్డరు పట్టుకొని లిఫ్టు ఎక్కుతాడు. నా దగ్గర పది పాసయిన పిల్లలు ఎందరో ఇప్పుడు ఆ లిఫ్టుల్లోనే ఉన్నారు. వాళ్ళకు ఇంగ్లీషు చదవడం వచ్చు. ఫ్లాటు నంబరు చదువుతారు. మేం నేర్పింది అంతవరకే.

గురుకులంలో నాతో చదివిన స్నేహితురాలు అమెరికాలో డాలస్‌లో ఉంటుంది. ఒకరోజు ఫోన్లో "మా పాప ఏపీ ఇంగ్లీష్ తీసుకుంది" అంది. నేను ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ అనుకొని, "అక్కడ కూడా మన సిలబస్ ఉందా?" అన్నాను. ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. అక్కడి హైస్కూళ్ళలో ఒకే తరగతికి రెగ్యులర్ ఇంగ్లీష్, ఆనర్స్ ఇంగ్లీష్, ఏపీ ఇంగ్లీష్ అని ఉంటాయట. నవ్వాగిన తర్వాత ఆమె అంది, "ఏపీ క్లాసులో నల్లపిల్లలు ఇద్దరో ముగ్గురో కనబడ్తరే."

ఆ మాట పట్టుకొని చదివితే 1967 కేసు ఒకటి దొరికింది. వాషింగ్టన్ నగరంలో బడిపిల్లల్ని పరీక్షలు పెట్టి నాలుగు వరసలుగా విడదీసేవాళ్ళు: ఆనర్స్, కాలేజీ ప్రిపరేటరీ, జనరల్, బేసిక్. నల్లపిల్లలు, పేదపిల్లలు కింది వరసల్లోకి పోయేవాళ్ళు. ఒకసారి పోతే పైకి రావడం లేదు. జూలియస్ హాబ్సన్ అనే నల్లజాతి ఉద్యమకారుడు కోర్టుకెక్కాడు. జడ్జి స్కెల్లీ రైట్ ఆ వరసల పద్ధతిని రద్దు చేయమని తీర్పు ఇచ్చాడు. ఆ పరీక్షలు పిల్లల తెలివిని కాదు, వాళ్ళు పుట్టిన ఇంటిని కొలుస్తున్నాయని తేల్చాడు.

అది చదివి గర్వంగా తలెత్తబోయి, దించుకున్నాను. ఎందుకో చెప్పాలి. చెప్పకపోతే ఇదంతా ఇంకొకరిని తిట్టడమే అవుతుంది.

నాకు 2019లో టీఆర్‌టీ ద్వారా ఉద్యోగం వచ్చింది. కరోనా తర్వాత 2021 సెప్టెంబర్‌లో బడులు తెరిచినప్పుడు పిల్లలు చదువు మర్చిపోయి వచ్చారు. ఎనిమిదో తరగతికి చదివే పరీక్ష పెట్టి ఏ, బీ, సీ అని మూడు గ్రూపులు చేశాను. ఏ గ్రూపుకు పాఠం, బీ గ్రూపుకు చిన్న వాక్యాలు, సీ గ్రూపుకు అక్షరాలు. మంచిపనే చేశాననుకున్నాను. మూడు నెలలయినా సీ గ్రూపులో 14 మంది 14 మందీ అక్కడే ఉన్నారు. ఒకరోజు అందులో పిల్లగాడు ఒకడు అడిగాడు, "మేడం, సీ అంటే ఏంది? కూలోళ్ళా?"

నా ఒళ్ళు జలదరించింది. స్టాఫ్‌రూంకు పోయి అడ్మిషన్ రిజిస్టరు తీశాను. 14 మందిలో 11 మంది ఎస్సీ, ఎస్టీ పిల్లలు. మిగతా ముగ్గురు ఒడిశా నుంచి పనికొచ్చినవాళ్ళ పిల్లలు. లేబర్ గుడిసెల నుంచి వచ్చినవాళ్ళందరినీ నేను కిటికీ పక్క వెనక వరసలో కూర్చోబెట్టాను. ఏ కులమని అడగకుండానే, ఎవరినీ లేపి నిలబెట్టకుండానే, మాదిగవాడ మళ్ళీ కట్టాను. నా చేతులతోనే! "నీకు ముప్పై అయిదు చాలు" అన్న సారు నాలో ఎక్కడో కూర్చొని ఉన్నాడు.

ఆ గ్రూపులు ఆ రోజే తీసేశాను. పిల్లలందరికీ ఒకటే అవసరం ఉందని కాదు. చదవడం రాని పిల్లకు అక్షరం దగ్గర మొదలుపెట్టాల్సిందే. అది మెట్టు, అది కావాలి. ఆ మెట్టు మీదే ఉంచేసి పేరు పెడితే మాత్రం గోడ అవుతుంది. ఇప్పుడు నా క్లాసులో పదిహేను నిమిషాలు ఎవరి మెట్టు మీద వాళ్ళు చదువుతారు. గ్రూపుకు పేరుండదు, పదిహేను రోజులకోసారి పిల్లలు మారతారు. ఆ తర్వాత అందరికీ ఒకటే పాఠం. అక్షరాలు కూడబలుక్కునే పిల్లయినా సరే, చివరికి తన మాట ఒకటి చెప్పి తీరాలి. తెలుగు కలిపినా, లంబాడీ మాట కలిపినా, ఒడియా మాట కలిపినా ఫరవాలేదు. "నాకు ఇది నచ్చలేదు, ఎందుకంటే" అనేది ఇంగ్లీషులో అనడం వస్తే, మిగతా ఇంగ్లీషు దాని వెంట వస్తుందని నా నమ్మకం. కొందరు పిల్లలకు వచ్చింది, కొందరికి ఇంకా రాలేదు. అబద్ధం చెప్పను.

ఇంకొక్క సంగతి. 2018లో తెలంగాణ ప్రభుత్వం అన్ని బోర్డుల బడుల్లో పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి అని చట్టం చేసింది. ఇంటర్నేషనల్ స్కూళ్ళ పిల్లలకు, బయటి రాష్ట్రాల పిల్లలకు తెలుగు కష్టమయింది. 2025 ఫిబ్రవరిలో ప్రభుత్వం ఆలోచించి, సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ, ఐబీ బడుల్లో తొమ్మిది, పది తరగతులకు 'సింగిడి' బదులు 'వెన్నెల' అనే సులభ తెలుగు వాచకం వాడమంది. న్యాయమే. తెలియని భాషను పిల్లకు తెలిసిన చోటు నుంచి మొదలుపెట్టాలి. నేను కాదనను. కానీ అడుగుతాను: వాళ్ళ పిల్లలకు తెలుగు రాకపోతే పుస్తకం కష్టమయింది. మా పిల్లలకు ఇంగ్లీషు రాకపోతే మాత్రం పిల్లలు మొద్దులెట్లయిండ్రు? వాళ్ళకు దొరికిన వెన్నెల మాకు ఇంగ్లీషులో ఎప్పుడు కాస్తది?

వారం తర్వాత ఆ పిల్లను పిలిచి జవాబు చెప్పాను. "బిడ్డా, ఫస్ట్ లాంగ్వేజి అంటే వాళ్ళమ్మ మాట్లాడే భాష అని కాదు. ఆ పిల్లగాడు ఆ భాషకు సొంతదారు అని వాళ్ళ బడి ముందుగానే ఒప్పుకుంది. నీ విషయంల ఇంకా ఎవ్వరూ ఒప్పుకోలేదు. ఎవ్వరో ఒప్పుకునేదాక మనం ఆగొద్దు. ఈ పుస్తకంల ఎదురు ఉత్తరం రాయమని ఉంది. రాయి."

"ఎవలికి రాయాలె మేడం?"

"నీ ఇష్టం."

మరునాడు తెచ్చింది. వాళ్ళమ్మ పనిచేసే అపార్ట్‌మెంటు వాళ్ళకు రాసింది. పనిమనుషులకు వేరే లిఫ్టు ఎందుకు పెట్టారని అడిగింది. మొత్తం ఆరు వాక్యాలు. నాలుగింట్లో తప్పులున్నాయి. గైడులో ఎక్కడా లేని ఉత్తరం. నేను ఎర్రపెన్ను మూతపెట్టి, ముందు రెండుసార్లు చదువుకున్నాను. తప్పులు తర్వాత ఇద్దరం కూర్చొని దిద్దుకున్నాం.

మా నాయినకు ఇప్పుడు అరవై దాటింది. మెట్రో ఎక్కి హైటెక్ సిటీ స్టేషన్ మీదుగా పోయినప్పుడల్లా కిటికీలోంచి చూపించి, పక్కన కూర్చున్నవాళ్ళకు చెబుతాడు, "గా క్యబెర్ టవర్స్ మేమే కట్టినం. గా పేరు ముందుగాల్ల మాకు చదివి చెప్పింది మా బిడ్డనే."

నేను ఇంగ్లీషు టీచర్ని. ఆ మాటను మాత్రం ఇప్పటిదాకా దిద్దలేదు.